ఇందిరాగాంధీ - ఐదు వందల మీటర్ల ఇసుక

ఈ ఏడాది సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు నేను ఇందిరాగాంధీ పేరు చెప్పాను. వాళ్ళ మొహాలు కొంచెం వాడిపోయాయి. బ్యాంకుల జాతీయకరణ, బంగ్లాదేశ్ యుద్ధం, ఎమర్జెన్సీ, ఇవన్నీ పదో క్లాసు పిల్లవాడికి కూడా తెలిసినవే గదా, మళ్ళీ మనమెందుకు రాయడం అన్నట్టు చూశారు. నేను రాయబోయేది వాటి గురించి కాదు, సముద్రపు తాబేళ్ళ గురించి అని చెబితే ఇంకా అయోమయంలో పడ్డారు. హైదరాబాదుకు సముద్రమెక్కడ, ఇందిరాగాంధీకి తాబేళ్ళేమిటి అని ఒకాయన నవ్వాడు కూడా. అంచేత ముందుగా మా బస్తీ సంగతి చెప్పాలి.

మాది కంచన్‌బాగ్. పాతబస్తీకి దక్షిణపు కొస. సంతోష్‌నగర్ దాటి వస్తే ఒకవైపు ఇరుకు గల్లీలు, ఇరానీ చాయ్ హోటళ్ళు, మసీదు మినార్లు. ఇంకోవైపు ఎంత దూరం నడిచినా తరగని ప్రహరీ గోడలు, గోడల మీద ముళ్ళతీగ. ఆ గోడల వెనక డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్., మిధాని, భారత్ డైనమిక్స్ ఉన్నాయి. దేశానికి కావలసిన క్షిపణులకు పుట్టినిల్లు అదే. మా నాన్నగారు ఆ గోడల వెనకే ఒక సంస్థలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. లోపల ఏం పనిచేసేవారో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఏడాదికి రెండు మూడు సార్లు పెట్టె సర్దుకొని రేంజికి వెళ్ళేవారు. రేంజి అంటే ఒడిశాలో ధామ్రా తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న వీలర్ దీవి అని నాకు చాలా కాలానికి తెలిసింది. 2015 నుంచి దాన్ని అబ్దుల్ కలాం దీవి అంటున్నారు.

ఒకసారి ఆయన అక్కణ్ణుంచి తిరిగొచ్చి భోజనం చేస్తూ, ఈసారి రాత్రిళ్ళు దీపాలన్నీ కప్పెయ్యమన్నారనీ, టార్చి లైటు కూడా వెయ్యనివ్వలేదనీ, తాబేళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి ఒడ్డుకు వస్తున్నాయనీ చెప్పారు. అమ్మ నమ్మలేదు. రాకెట్లు పేల్చేవాళ్ళు తాబేళ్ళకు భయపడడమేమిటని నవ్వింది. నాన్నగారు ఉద్యోగం సంగతి ఇంట్లో చెప్పింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. అది నా మనసులో ఉండిపోయింది. వీలర్ దీవికి ఆనుకున్నట్టే గహిర్‌మఠా తాలూకు నాసి దీవులున్నాయి. ప్రపంచంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో గుంపుగా వచ్చి గుడ్లు పెట్టే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గహిర్‌మఠా అందులో ఒకటి. మన దేశంలో తీరం అన్నదాన్ని కాపాడాలని గద్దె మీద ఉన్నవాళ్ళలో మొట్టమొదట గట్టిగా పట్టుకున్నదెవరా అని వెతుక్కుంటూ పోతే నేను ఇందిరాగాంధీ దగ్గర తేలాను.

ఆమె 1917 నవంబరు 19న అలహాబాదులో పుట్టింది. తాత, తండ్రి, తల్లి, మేనత్తలు, ఎవరు ఎప్పుడు జైలుకు పోతారో తెలియని ఇల్లు. తోడబుట్టినవాళ్ళు లేరు. 1928 వేసవిలో, పదేళ్ళ పిల్లగా ముస్సోరీ కొండల మీద ఉన్నప్పుడు, తండ్రి నెహ్రూ అలహాబాదు నుంచి వరసపెట్టి ఉత్తరాలు రాశాడు. వాటిలో రాజులూ యుద్ధాలూ తర్వాతెప్పుడో వస్తాయి. ముందు వచ్చేది భూమి ఎలా చల్లబడింది, రాయి నున్నబడడానికి ఎంత నీరు దాని మీదుగా ప్రవహించి ఉండాలి, ప్రాణులు ఒకదాని నుంచి ఒకటి ఎలా వచ్చాయి అనే కథ. చెట్టునూ పుట్టనూ పుస్తకంలాగా చదవడం ఆ పిల్లకు అక్కడ పట్టుబడింది. తర్వాత కొన్నాళ్ళు శాంతినికేతన్, అక్కడ చెట్ల కింద చదువు. క్షయతో బాధపడుతున్న తల్లి వెంట ఐరోపా. 1936 ఫిబ్రవరిలో కమల లొసాన్‌లో కన్నుమూసింది. ఆ కూతురికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

1941లో సలీం అలీ రాసిన భారతీయ పక్షుల పుస్తకం అచ్చయింది. (ఈ సలీం అలీ అంతకు పదేళ్ళ ముందు, 1931-32లో, మన నిజాం రాజ్యంలో అడవులన్నీ తిరిగి పక్షుల లెక్క రాసిన మనిషే. హైదరాబాదు వాళ్ళం మరిచిపోకూడని సంగతి.) నెహ్రూ అప్పుడు డెహ్రాడూన్ జైల్లో ఉన్నాడు. ఆ పుస్తకం అక్కణ్ణుంచి కూతురికి పంపాడు. అంతవరకూ పక్షులంటే ఏవో ఎగురుతుంటాయి అనుకున్న తనకు కళ్ళు తెరిపించింది ఆ పుస్తకమేనని ఆమె తర్వాత రాసుకుంది. మరుసటి ఏడు ఆమె కూడా జైలుకు వెళ్ళింది, 1942 సెప్టెంబరులో, నైనీ జైలుకు. స్వతంత్రం వచ్చాక ఢిల్లీలో తండ్రి ఇల్లు చక్కబెట్టే రోజుల్లో పక్షి పరిశీలకుల సంఘంలో చేరి బైనాక్యులర్స్ పట్టుకు తిరిగింది. తీన్‌మూర్తి భవనంలో పులిపిల్లలూ ఎర్రపాండాలూ పెరిగాయి. ఇవన్నీ పెద్దింటి సరదాలని కొట్టిపారేసేవాళ్ళున్నారు. సరదాగానే మొదలై ఉండవచ్చు. కానీ 1966 జనవరిలో ప్రధానమంత్రి అయ్యాక ఆ సరదా ఫైళ్ళ మీదికి ఎక్కింది.

పులుల కథ అందరికీ తెలుసు గనక త్వరగా దాటేస్తాను. 1969 నవంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మహాసభ ఢిల్లీలో జరిగింది, ఆమే ప్రారంభించింది. పులి చర్మాల ఎగుమతి ఆగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్ 1న పులుల పథకం. మధ్యలో 1972 జూన్‌లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి జరిపిన మొదటి పర్యావరణ మహాసభ. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధానిని మినహాయిస్తే అక్కడికి స్వయంగా వెళ్ళిన ప్రభుత్వాధినేత ఈమె ఒక్కతే. ఆకలితో ఉన్నవాడికి ముందు బతుకుతెరువు చూపకుండా అడవిని ముట్టుకోవద్దంటే వాడు వినడనీ, ధనిక దేశాలు తాము చేసిన పాడుకు పేదవాణ్ణి బాధ్యుణ్ణి చెయ్యరాదనీ ఆమె అక్కడ వాదించింది. న్యాయమైన వాదనే. కానీ మన దేశంలో తర్వాత ఆ మాటను ఎవరు ఎక్కువగా వాడుకున్నారో చూడండి. పేదవాడి పేరు చెప్పి తీరంలో హోటలు కట్టినవాళ్ళు!

ఆమెలో రెండు మనసులున్నాయన్నది దాచవలసిన పని లేదు. 1971 జనవరి 20న విశాఖ దగ్గర బాలచెరువులో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసింది ఆమే. ఆ ఉక్కు కోసం మనవాళ్ళు ప్రాణాలు ఇచ్చారు, అది మన హక్కు, ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సముద్రం పక్క పరిశ్రమ వద్దని ఆమె ఎన్నడూ అనలేదు. అదే 1971లో శ్రీహరికోటనుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు బంగాళాఖాతం. ఆ నడుమ దీవికి బయటివాళ్ళను రానివ్వకపోవడంతో చిట్టడవి నిలిచింది, తీరాన తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మిగిలింది. రక్షణ కోసమో రాకెట్ల కోసమో మనం తలుపు వేసిన చోటే ప్రాణులు బతికి బట్టకట్టడం విచిత్రంగా లేదూ?

ఎమర్జెన్సీని నేను సమర్థించలేను. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా మనుషుల నోరు కట్టేసిన ప్రభుత్వమే, 1976లో 42వ రాజ్యాంగ సవరణ తెచ్చింది. ఆ సవరణను తిట్టనివాళ్ళు తక్కువ. అందులోనే 48-ఎ అధికరణం ఉంది, పర్యావరణాన్నీ వన్యప్రాణుల్నీ కాపాడే బాధ్యత రాజ్యానిదని చెప్పేది. ఆ బాధ్యతే పౌరులకూ విధిగా అందులోనే చేరింది. అడవులూ వన్యప్రాణులూ ఉమ్మడి జాబితాలోకి వచ్చింది కూడా దాని వల్లనే. ఈనాడు తీరం మీద ఎవరైనా కోర్టుకు వెళితే ఆ అధికరణాల పేరే చెబుతారు. చరిత్ర మంచినీ చెడ్డనూ వేరువేరు గిన్నెల్లో వడ్డించదు కాబోలు.

1977లో ఓడిపోయింది. అదే ఏడాది నవంబరు 19న, సరిగ్గా ఆమె అరవయ్యో పుట్టినరోజున, దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఆ రాత్రి సంగతి చెప్పుకొనేటప్పుడు దివిసీమలో పెద్దవాళ్ళు గాలినీ కెరటాన్నీ తల్చుకుంటారు. తీరం వెంట మడ అడవీ సరుగుడూ ఇసుక దిబ్బా దట్టంగా ఉంటే కెరటం జోరు కొంత విరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ మాట ఈ కథకు ముఖ్యం, మళ్ళీ వస్తాను.

1980 జనవరిలో ఆమె తిరిగి గద్దెనెక్కింది. రాయబరేలీలోనూ మన మెదక్‌లోనూ గెలిచి, రాయబరేలీ వదులుకొని మెదక్ ఉంచుకుంది. అంటే ఇప్పుడు నేను చెప్పబోయే ఉత్తరం రాసిన నాటికి ఆమె తెలంగాణ ఎం.పి. సముద్రం మొహమైనా చూడని మంజీరా ఒడ్డు జనం ఓట్లతో గెలిచిన మనిషి దేశంలోని సముద్ర తీరం గురించి రాసిన ఉత్తరం అది.

1981 నవంబరులో తీరమున్న రాష్ట్రాల ముఖ్యమంత్రులందరికీ ఆమె రాసింది. మన రాష్ట్రానికి అప్పుడు అంజయ్యగారు ముఖ్యమంత్రి. ఉత్తరం చాలా చిన్నది. సారాంశం ఇది. తీరాలు పాడైపోతున్నాయని, అడ్డగోలుగా వాడుతున్నారని తనకు దిగులుగా ఉంది. తీరానికి అందమొక్కటే కాదు, ప్రకృతిలో దాని పని దానికుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో అక్కణ్ణుంచి కనీసం ఐదు వందల మీటర్ల దాకా ఏ పనులూ చెయ్యకుండా వదిలెయ్యాలి. కోత పడేచోట తగిన చెట్లు నాటాలి. కృత్రిమమైన కట్టడాలేవీ ఉండరాదు. ఊళ్ళ మురుగూ ఫ్యాక్టరీల మురుగూ అటు రాకూడదు. అంతే.

తాబేలు పేరు ఆ సారాంశంలో ఎక్కడా లేదు. కానీ ఎవరైనా తాబేలును అడిగి రాశారా అన్నట్టుంటుంది. ఎందుకంటే దానికి కావలసింది సరిగ్గా అదే.

ఆలివ్ రిడ్లే ఆడ తాబేలు నలభై కిలోలకు అటూఇటూ ఉంటుంది. బతుకంతా నీళ్ళలోనే. ఒక్క గుడ్లు పెట్టడానికి మాత్రం రాత్రిపూట ఒడ్డెక్కుతుంది, మన తూర్పు తీరంలో ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. తాను ఏ తీరాన పుట్టిందో ఆ చుట్టుపక్కలకే ఎన్నో ఏళ్ళకు తిరిగొస్తుంది. కెరటం అందని పొడి ఇసుక దాకా ఈడ్చుకుంటూ వచ్చి, వెనక కాళ్ళతో అడుగున్నర లోతు కుండలాంటి గుంట తవ్వి, వంద పైన గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి వెళ్ళిపోతుంది. మళ్ళీ చూడదు. యాభై రోజుల చిల్లరకు పిల్లలు రాత్రిపూట ఇసుక చీల్చుకొని పైకి వస్తాయి. అప్పుడు వాటికి తెలిసిన దారి ఒకటే: వెలుగు ఎటు ఎక్కువుంటే అటు. మనుషులు రాకముందు కోట్ల ఏళ్ళుగా రాత్రివేళ తీరంలో ఎక్కువ వెలుగు సముద్రం వైపే ఉండేది, చుక్కలూ చంద్రుడూ నీటి మీద మెరవడం వల్ల. ఇప్పుడు రోడ్డు మీద సోడియం దీపం, రిసార్టు లాన్‌లో పూసలదండల్లాంటి బల్బులు. పిల్లలు అటు తిరుగుతాయి. తెల్లారేసరికి కాకులకూ కుక్కలకూ దొరుకుతాయి, లేదా ఎండకు మాడిపోతాయి. తల్లి తాబేలు కూడా దీపం చూసి, మనుషుల అలికిడి విని గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. కెరటాలు కొట్టకుండా రాతిగోడ కట్టామనుకోండి, ఇక దానికి పొడి ఇసుకే దొరకదు. వీటికి తోడు మరపడవల వలల్లో ఊపిరాడక చచ్చేవి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెరిగి పెద్దదైతే గొప్ప అంటారు.

ఉత్తరం వెళ్ళిన రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. విద్యార్థి మిత్రులకు ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాశానన్నా తప్పులేదు. మద్రాసులో జె. విజయ అనే అమ్మాయి కాలేజీలో చదువుతూనే అక్కడి స్నేక్ పార్కులో స్వచ్ఛందంగా పనిచేసేది. ఆ కుర్రవాళ్ళంతా చలికాలపు రాత్రులు తీరం వెంట మైళ్ళ దూరం నడిచి తాబేలు గుడ్లు వెతికి భద్రపరిచే అలవాటున్నవాళ్ళు. విజయ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఒడిశా, బెంగాల్ తీరానికి ఒంటరిగా పోయి, దీఘా దగ్గర తాబేళ్ళను కుప్పలుగా పోసి కోస్తున్న వైనం చూసి ఫోటోలు తీసింది. అప్పట్లో వేలకొద్దీ తాబేళ్ళు వెల్లకిలా తిప్పిన స్థితిలో కలకత్తా మార్కెట్లకు వెళుతుండేవి. చట్టం కాగితం మీద ఉంది, మార్కెట్లో లేదు. 1982లో ఆ ఫోటోలు ఇండియా టుడే పత్రికలో వచ్చాయి. అవి ప్రధానమంత్రి కంటబడ్డాయి. తీరరక్షక దళాన్ని రంగంలోకి దిగమని ఆమె ఆదేశించింది. స్మగ్లర్లను పట్టడానికి పుట్టిన దళం అది, అప్పటికి ఐదేళ్ళ పసిగుడ్డు. ఆనాడు మొదలైన కాపలా ఈనాటికీ సాగుతోంది. ఏటా నవంబరు నుంచి మే దాకా సాగే ఆ పనిని ఆపరేషన్ ఒలివియా అంటున్నారు.

విజయ 1987లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండా పోయింది. ఆమె కేరళ అడవుల్లో మళ్ళీ కనిపెట్టిన ఒక అడవి తాబేలుకు 2006లో శాస్త్రజ్ఞులు ఆమె పేరే పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు నాకు ఎక్కడా కనబడలేదు.

ఇందిరాగాంధీ దగ్గరికి వస్తాను. 1983లో ఆ ఉత్తరం ఆధారంగా తీరాల అభివృద్ధికి మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. సూత్రాలే, చట్టం కాదు. పాటించకపోతే అడిగే దిక్కు లేదు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే విద్యుత్ పథకాన్ని అదే ఏడాది ఆపించింది. అదే 1983 నవంబరులో కామన్‌వెల్త్ దేశాల అధినేతలు ఢిల్లీలో సమావేశమై విశ్రాంతికి గోవా వెళ్ళారు. సముద్రం ఎదుట కొండ మీద వాళ్ళ కోసం కొత్త విడిది భవనాలు లేచాయి. ఉత్తరం రాసి రెండేళ్ళైనా కాలేదు. ఆ విడిదిలో దిగిన అతిథులకు ఆతిథ్యమిచ్చింది ఆమే! గోవా తీరంలో పెద్ద హోటళ్ళ వరస తర్వాత ఎంత దూరం పాకిందో మనందరికీ తెలుసు. ఉత్తరం ఎంత నిజాయితీ గలదో, విడిది కూడా అంత నిజం. ఈ రెంటినీ కలిపి చూడకుండా ఆమె జీవితం రాస్తే అది జీవితం కాదు, పొగడ్త.

1984 జూలై 19న ఆమె మా కంచన్‌బాగ్ వచ్చింది. అంతకు ఏడాది ముందు మంజూరైన క్షిపణుల కార్యక్రమం ఎంతవరకు వచ్చిందో చూడడానికి డి.ఆర్.డి.ఎల్.కు వచ్చింది. కలాం గారు అప్పుడు డైరెక్టరు. మా నాన్నగారు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు, దూరంగా వరసలో నిలబడి చూశారట. చీర రంగు గుర్తు లేదు గాని, నడక చాలా వేగం అని చెబుతారు. ఆ రోజు ఆ గోడల మధ్య నడిచిన మనిషికి, తాను చూస్తున్న క్షిపణులు మరో పదేళ్ళకు గహిర్‌మఠా పక్క దీవి నుంచి ఎగురుతాయని తెలిసే వీలు లేదు. 1993 నవంబరులో ఆ దీవి నుంచి పృథ్వి ఎగిరింది. ఆమె ఆపదలచిన దీపాలూ, ఆమె ఆరంభించిన ప్రయోగాలూ ఒకే ఇసుక మీదికి చేరాయి.

కంచన్‌బాగ్ వచ్చి వెళ్ళిన మూడు నెలల పన్నెండు రోజులకు, 1984 అక్టోబరు 31న, సొంత అంగరక్షకుల చేతుల్లో ఆమె హత్య జరిగింది. సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కుగా నవంబరు 15న ప్రకటితమైంది, ఆమె లేదు. ఆ తర్వాత ఢిల్లీ వీధుల్లో సిక్కుల మీద జరిగిన ఘోరం ఈ వ్యాసంలో ఇమడదు, కానీ ఆ మరణాన్ని తల్చుకుంటూ దాన్ని తల్చుకోకపోవడం తప్పు.

మనిషి పోయింది, ఉత్తరం మిగిలింది. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1991 ఫిబ్రవరి 19న తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ వెలువడింది. అప్పుడు గాని ఆ ఐదు వందల మీటర్లకు చట్టబలం రాలేదు. అప్పుడు కూడా పూర్తిగా కాదు. పల్లెప్రాంతాల్లో మొదటి రెండు వందల మీటర్లలో కొత్త కట్టడం కూడదు, మిగతా మూడు వందల్లో షరతుల మీద కానివ్వవచ్చు అన్నారు. ఇక అక్కణ్ణుంచి కోత మొదలైంది. సముద్రం కోత కాదు, సవరణల కోత. 1991 నోటిఫికేషన్‌ను ఇరవై ఏళ్ళలో దాదాపు పాతికసార్లు సవరించారు. 1994లో చేసిన సడలింపులను కొన్నింటిని 1996లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది చివర్లో తీరంలో విచ్చలవిడిగా వెలసిన రొయ్యల చెరువుల మీద కూడా తీర్పు ఇచ్చింది. నెల్లూరు వైపు వాళ్ళకు ఆ రోజులు బాగా గుర్తుంటాయి. 2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెల తీరంలో రెండు వందల మీటర్లు యాభై అయింది. బీచిల మీద పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలూ షెడ్లూ పోటు గీతకు పది మీటర్ల ఎడంలో వేసుకోవచ్చు. ఐదు వందలు ఎక్కడ, పది ఎక్కడ! తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లను గట్టి రక్షణ గల తరగతిలో ఉంచారన్న మాట కూడా చెప్పాలి, అది నిజం. కానీ తాబేలు గుడ్లు పెట్టే చోటు మ్యాపులో గీసిన గీతకు లోబడదు. ఒక చలికాలం ఈ మలుపు, ఇంకో చలికాలం ఆ మలుపు. ఏటి మొగ జరిగితే అదీ జరుగుతుంది.

తీరంలో బతికే బెస్తవారి మాట కూడా వినాలి. మనకు ఇల్లు కట్టుకోనివ్వరు, హోటలువాడికి మాత్రం కానిస్తారు అని వాళ్ళు అంటే దానికి మన దగ్గర జవాబు లేదు. వేసవిలో అరవై ఒక్క రోజులు వేట మానుకునేది వాళ్ళు. ఒడిశాలోని రుషికుల్య మొగలో తాబేళ్ళను దశాబ్దాలుగా కాపాడుతున్నది ఆ చుట్టుపట్ల పల్లెల జనమే. గంజాం జిల్లా తీరంలో తెలుగు మాట్లాడే నోలియాలు ఎందరో ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆ ఒక్క మొగలో దాదాపు ఏడు లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయని లెక్క తేలింది. అంతకు ముందు నెల, జనవరిలో, చెన్నై తీరంలో వెయ్యికి పైగా చచ్చిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయి. రెండు వార్తలూ ఒకే చలికాలంలోవి.

కిందటేడు మా క్లాసు వాళ్ళం విశాఖ టూరు వెళ్ళినప్పుడు భీమిలి దారిలో ఒక రిసార్టులో దిగాము. పేరెందుకులెండి. లాన్ అంచున మూడు పెద్ద దీపాలు సముద్రం వైపు తిప్పి రాత్రంతా వెలిగించారు. కెరటాలు కనబడాలని కస్టమర్లు అడుగుతారట. మేము కూడా ఆ వెలుగులో ఫోటోలు దిగినవాళ్ళమే, నేనేమీ శుద్ధపూసను కాను. తెల్లారి ఒడ్డు వెంట నడుస్తుంటే పొడి ఇసుకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ కనబడింది, సముద్రం నుంచి పైకి వచ్చి, లాన్‌కు ముప్పై అడుగుల దూరంలో గుండ్రంగా తిరిగి మళ్ళీ నీళ్ళలోకి పోయిన జాడ. గుంట లేదు. అటవీశాఖ తరఫున గుడ్లు ఏరి హేచరీకి చేర్చే పెద్దాయన ఒకరు సైకిలు దిగి చూసి, రాత్రి వచ్చింది, పెట్టకుండా పోయింది అన్నట్టు చెయ్యి ఊపి, ఇంకేం మాట్లాడకుండా ముందుకు సాగిపోయాడు. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి గుడి కట్టి దండం పెట్టే తీరం మనది.

ఇంటికి వచ్చాక నాన్నగారికి ఆ జాడ ఫోటో చూపించి, 1981 నాటి ఉత్తరం సంగతి చెప్పాను. తాను దూరం నుంచి చూసిన ఇందిరాగాంధీకీ, రేంజిలో దీపాలు కప్పమన్న ఆర్డరుకూ మధ్య ఒక దారం ఉండవచ్చని ఆయనకు ఎప్పుడూ తట్టలేదట. 2024 డిసెంబరులో, తాబేళ్ళ కోసం జనవరి నుంచి మార్చి దాకా ఆ దీవిలో క్షిపణి పరీక్షలు ఆపుతారని పేపర్లో వచ్చిన వార్త మాత్రం ఆయన కత్తిరించి డైరీలో పెట్టుకున్నారు. అది తీసి చూపించారు. ఆ తర్వాత, ఇన్నేళ్ళకు మొదటిసారి, రేంజి గురించి ఇంకో ముక్క చెప్పారు. షెడ్డు వరండాలో పదకొండు బల్బులుండేవట. కప్పడానికి తొడుగులు చాలకపోతే, ఒక డబ్బా నల్ల పెయింటు తెచ్చి, సముద్రం వైపు సగం సగం తానే పూశారట.